తోట పూయలేదు, తప్పు నాదేనా?

నూజివీడు వైపు పల్లెలో పుట్టి పెరిగి, ఇప్పుడు విజయవాడలో ఉంటున్న ఒక పాఠకురాలు పదకొండు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. అంతా ఇక్కడ వేయడం కుదరదు కాబట్టి సంగతి క్లుప్తంగా చెబుతాను.

ఆవిడకు 46 ఏళ్ళు. ప్రైవేటు స్కూల్లో టీచరు. తండ్రి తన సంపాదనతో కొన్న నాలుగెకరాల్లో సొంతంగా నాటి పెంచిన బంగినపల్లి తోట ఉంది. 35 ఏళ్ళ తోట, 160 చెట్లు. మూడేళ్ళ కిందట ఆయన పోయారు. తల్లి ఆ ఊళ్ళోనే ఒంటరిగా ఉంటోంది. తమ్ముడిది బెంగళూరులో ఉద్యోగం. తోట చూసుకునే మనిషి లేక, ఈవిడ మాట మీదే ఒక వ్యాపారికి రెండు కాపుల గుత్తకు ఇచ్చారు. అతను సెప్టెంబరులో చెట్ల మొదళ్ళ చుట్టూ తవ్వించి పూత మందు పోయించాడు. ఆ ఏడు కాపు విరగబడింది. కొమ్మలకు పోటుకర్రలు పెట్టించాల్సి వచ్చిందట. 'నాన్న ఉండగా ఒక్క ఏడు కూడా అంత కాయ చూడలేదు' అని రాశారు. ఆ గుత్త డబ్బులో తన వాటాకు తోడు తమ్ముడి వాటా కూడా అడిగి తీసుకుని కూతురి ఇంజనీరింగ్ ఫీజు కట్టారు.

మళ్ళీ సెప్టెంబరు వచ్చింది, మళ్ళీ మందు పోశారు. ఈసారి పూత లేదు. ఫిబ్రవరి ఆఖరుకు కూడా చెట్లు మొండిగా నిలబడ్డాయి. వచ్చిన కొత్త చిగురు బెత్తెడు కూడా లేదు, ఆకులన్నీ కొమ్మ కొసన గుత్తిలా ముడుచుకున్నాయి, ముదురాకుల మీద మసి పట్టింది. వ్యాపారి తన రెండో విడత డబ్బు వెనక్కి అడుగుతున్నాడు. 'మీ చెట్లలో సత్తువ లేదు' అంటున్నాడు. తమ్ముడేమో తోట కొట్టేసి ఆయిల్ పామ్ వేద్దామని, లేదంటే అమ్మేద్దామని అంటున్నాడు. తల్లి 'ఆ చెట్ల మీద గొడ్డలి పడితే నా మీద పడ్డట్టే' అని కూర్చుంది. ఒకరోజు ఫోన్లో తమ్ముడు 'నీ కూతురి ఫీజు కోసం నాన్న తోటను పిండేశావు' అన్నాడు. ఆ తర్వాత అక్కాతమ్ముళ్ళకు మాటల్లేవు. ఈవిడ పట్టుదలకు పోయి పది ట్రాక్టర్ల పశువుల ఎరువు తోలించారు. అది చూసి ఇంటర్ బైపీసీ చదువుతున్న కొడుకు 'అమ్మా, చెట్టు తిండి మట్టిలోంచి రాదు కదా' అన్నాడట. ఆ రాత్రి నిద్ర పట్టక ఈ ఉత్తరం రాశారు. చెట్లు చచ్చిపోతున్నాయా, తప్పు నాదేనా, ఇప్పుడేం చేయాలి అన్నవి ఆవిడ ప్రశ్నలు.

అమ్మా,

మీ అబ్బాయి మాటతోనే మొదలుపెడతాను. ముప్పై ఏళ్ళు వృక్షశాస్త్రం పాఠాలు చెప్పిన అలవాటు కొద్దీ, ఈ ఉత్తరంలో నాకు ముందు కనపడింది అదే. కుర్రాడు చెప్పింది నిజం, కానీ సగం.

1648లో అచ్చయిన ఒక ప్రయోగం ఉంది. వాన్ హెల్మాంట్ అనే ఆయన తొట్టిలో 200 పౌన్ల ఎండు మట్టి పోసి, 5 పౌన్ల విల్లో మొక్క నాటి, అయిదేళ్ళ పాటు నీళ్ళు తప్ప ఏమీ పోయలేదు. చివరికి చెట్టు 169 పౌన్లు తూగింది. మట్టిని మళ్ళీ ఎండబెట్టి తూస్తే తగ్గింది సుమారు రెండు ఔన్సులు. చెట్టంతా నీళ్ళతోనే తయారైందని ఆయన తేల్చాడు. గాలి సంగతి ఆయనకు తట్టలేదు, అది తేలడానికి ఇంకో నూట యాభై ఏళ్ళు పట్టింది. మీ నాన్నగారి మామిడి మాను కూడా అంతే. ఎండబెట్టి తూస్తే అందులో బరువంతా దాదాపు గాలి నుంచి, నీటి నుంచి వచ్చిందే. మట్టి నుంచి వచ్చింది కాల్చాక మిగిలే బూడిద, దాంతో పాటు కాస్త నత్రజని.

మరి మీ పది ట్రాక్టర్ల ఎరువు వృథాయేనా? కాదు. ఎరువు చెట్టుకు అన్నం కాదు, ఉప్పు. ఉప్పు లేకుండా వంట లేదు, ఉప్పుతోనే కడుపూ నిండదు. ఆకు పచ్చగా ఉండాలంటే నత్రజని, మెగ్నీషియం కావాలి. భాస్వరం ఎందుకో కాసేపట్లో చెబుతాను. తోలిన ఎరువును మొదట్లో కుప్పగా ఉంచేయకండి. నీళ్ళు పీల్చే సన్నవేర్లు చాలావరకు మాను దగ్గర ఉండవు. కొమ్మల నీడ అంచు కింద పాదు చేసి, తొలకరి పడ్డాక వేయించండి.

అన్నం వండేది ఆకు. ఎండలో వెలుగును పట్టుకుని, ఆ బలంతో నీటిని విడగొట్టి, అడుగున ఉన్న సన్న రంధ్రాల్లోంచి వచ్చిన బొగ్గుపులుసు వాయువును చక్కెరగా మారుస్తుంది. ఆ చక్కెర బెరడు లోపలి పొర గుండా ప్రయాణించి, అవసరం ఉన్న చోటికి చేరుతుంది. దానికి మూడు దారులున్నాయి. కొంత అక్కడికక్కడే ఖర్చయిపోతుంది. కొంత కొత్త ఆకు, కొత్త వేరు, కాయ కట్టడానికి పోతుంది. మిగిలింది పిండిపదార్థంగా మారి కొమ్మల్లో, మానులో, వేర్లలో నిల్వ పడుతుంది.

ఈ అక్కడికక్కడి ఖర్చు ఎలాంటిదో చెప్పాలంటే మీ పక్క జిల్లా మనిషి పేరు ఎత్తాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్ళి, హార్వర్డులో సైరస్ ఫిస్కే దగ్గర కండరాల్లోని భాస్వరం లెక్కలు తీస్తూ, 1929లో ఏటీపీ అనే పదార్థాన్ని పట్టుకున్నారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా పట్టుకున్నాడు. జీవకణం దాదాపు ఏ పని చేయాలన్నా అందుకు శక్తిని ఆ ఏటీపీయే ఇవ్వాలి. మన కండరంలో, మామిడి వేరులో, ఇడ్లీపిండిని పులియబెట్టే సూక్ష్మజీవిలో, అన్నిటా అదే నాణెం. భాస్వరం లేనిదే ఆ నాణెం ముద్ర పడదు. ఇందాక ఎరువు దగ్గర ఆపిన మాట ఇదే.

ఈ నాణేన్ని దాచుకోవడం మాత్రం కుదరదు. మన ఒంట్లో ఏ క్షణాన చూసినా ఏటీపీ పావుకిలోకి మించి ఉండదు, రోజంతా ఖర్చయి మళ్ళీ తయారయ్యేది మాత్రం పదుల కిలోలు. చిల్లర జేబులో ఎంతసేపు ఉంటుంది? గాదెలో గింజలు ఉంటేనే రేపటికి చిల్లర. చెట్టుకు ఆ గాదె పిండిపదార్థం. రాత్రి ఎండ ఉండదు, అయినా కణాలు బతకాలి. ఆకు పగలు కొంత పిండి దాచి రాత్రి ఖర్చు పెడుతుంది. ఆవజాతికి చెందిన ఒక చిన్న మొక్క మీద చేసిన పరిశోధనలో, తెల్లారేసరికి ఆ నిల్వ దాదాపు అయిపోయేలా మొక్క రాత్రి పొడుగును బట్టి ఖర్చును సర్దుకుంటుందని తేలింది. జీతం నెలాఖరుకు సరిగ్గా సరిపెట్టే ఇల్లాలిలా అన్నమాట! ఒక రాత్రికి ఆకులోని పొదుపు చాలు. ఒక కాపుకు చాలదు. దానికి కొమ్మల్లో, వేర్లలో ఏళ్ళ తరబడి దాచిన గాదె కావాలి.

మామిడి పూత వచ్చేది డిసెంబరు, జనవరిల్లో. ఆ పూగుత్తి కొసకొమ్మ మీద ఒక్కసారిగా విచ్చుకున్నప్పుడు దానికి పెట్టుబడి పెట్టేది ముందు కాలంలో దాచిన సొమ్ము. ఆ పూలలో నూటికి ఒక్కటి కూడా కోత దాకా నిలవదు, అయినా అన్నిటికీ ఖర్చు పెట్టాల్సిందే. తర్వాత పిందె కాయ కావడానికి ఒక్కొక్క కాయ వెనక ముప్పై ఆకుల దాకా పనిచేయాలని ఉద్యాన పరిశోధకులు లెక్క కట్టారు. ఆకులు అంత సంపాదించలేకపోతే కాయ గాదె మీద పడుతుంది. కాయ ఎంత లాక్కుంటుందో మీకు తెలియంది కాదు. ముదిరిన కాయను నీళ్ళలో వేస్తే మునుగుతుంది కదా, లోపల అంత పిండి కూరుకుని ఉంటుంది. గడ్డిలో వేసి మాగబెడితే ఆ పిండే చక్కెరై తియ్యబడుతుంది. మాగే కుప్పలో చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. అది కాయ శ్వాసిస్తున్న వేడి, చెట్టు కూడబెట్టిన ఎండ.

మరి పూత మందు ఏం చేసింది? ఈ ఉత్తరంలో అసలు ముడి ఇక్కడే ఉంది. ప్యాక్లోబ్యూట్రజాల్ అనే ఆ మందు చెట్టులో జిబ్బరెల్లిన్ అనే పెరుగుదల హార్మోను తయారీని అడ్డుకుంటుంది. కొత్త కొమ్మ సాగదు. సాగడానికి పోవాల్సిన శక్తి పూతకు మళ్ళుతుంది. మందు ఒక్క చెంచాడు శక్తి కూడా కొత్తగా ఇవ్వదు. ఉన్నదాన్ని ఎటు ఖర్చు పెట్టాలో మార్చేస్తుంది, అంతే. మీ తోటలో మొదటి ఏడు గాదె నిండుగా ఉంది. పైగా మీ నాన్నగారు పోయాక ఒక ఏడు చెట్లను పట్టించుకున్నవాళ్ళు లేరని రాశారు, బహుశా కాపు కూడా పలచగా వచ్చి ఉంటుంది. ఆ పొదుపంతా ఒక్క కాపులో కోతకొచ్చింది. ఆ తర్వాత చెట్టు చిగురు వేసి, ఆ చిగురు ముదిరి, మళ్ళీ నాలుగు రాళ్ళు వెనకేసుకోవాలి. అది జరగకముందే మళ్ళీ మందు పోశారు. ఖాళీ గాదె మీద రెండోసారి తాళం తీశారు.

నిల్వ ఒక్కటే కారణమని చెప్పి తప్పించుకోను. విపరీతంగా కాసిన ఏడు కాయల్లోని టెంకలు కూడా కొసకొమ్మలకు 'ఇప్పుడే పూయొద్దు' అనే సంకేతం పంపుతాయి. బంగినపల్లికి ఒక ఏడు బాగా కాసి మరుసటి ఏడు వెనకాడే గుణం ఎటూ ఉంది. నీలం, కలెక్టర్ కాయ అంతగా తడబడవు. శీతాకాలం రాత్రులు చల్లగా లేకపోయినా పూత చెడుతుంది. చుట్టుపక్కల తోటలు ఎలా ఉన్నాయో మీరు రాయలేదు, కనుక్కోండి.

కానీ ఎనిమిదో పేజీలో, ఏదో మాటల్లో వచ్చినట్టు ఒక వాక్యం రాశారు చూశారా? కంచె పక్కన ముళ్ళపొదల్లో ఉన్న నాలుగు బంగినపల్లి చెట్లకు కూలీలు మందు పోయలేదని, అవి మాత్రం ఓ మాదిరిగా పూశాయని. మీరు దాన్ని అంతగా పట్టించుకోలేదు గానీ, నాకు మిగతా పది పేజీలకన్నా ఆ వాక్యమే ఎక్కువ చెప్పింది. అదే నేల, అదే రకం, అదే చలి. తేడా మందులోనే ఉంది. పైగా బెత్తెడు చిగురు, గుత్తిగా ముడుచుకున్న ఆకులు అన్నవి మందు మోతాదు మించిన చెట్టు లక్షణాలే. ఆ మందు మట్టిలో నెలల తరబడి, ఒక్కోచోట ఏడాదికి పైగా ఉండిపోతుంది. కాబట్టి ఈ సెప్టెంబరులో ఎవరు ఏం చెప్పినా మళ్ళీ పోయనివ్వకండి.

ఇక మీ మొదటి ప్రశ్న. చెట్లు చచ్చిపోవడం లేదు. చచ్చే చెట్టు కొసల నుంచి ఎండుతూ వస్తుంది, బెరడు పగిలి జిగురు కారుతుంది, మానులోంచి రంపపు పొట్టు రాలుతుంది. ఇవేవీ మీరు రాయలేదు. ఇది నీరసం.

నా మాట నమ్మక్కర్లేదు, మీ అబ్బాయి చేతే ఒక పరీక్ష చేయించండి. జూలియస్ సాక్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1860ల్లో ఆకు మీద చేసిందే, ఇప్పటికీ ఇంటర్ ప్రాక్టికల్స్‌లో ఉంది. అయోడిన్ తగిలితే పిండిపదార్థం నల్లని నీలం రంగుకు తిరుగుతుంది. మందు పోసిన చెట్ల నుంచి నాలుగు, కంచె పక్క చెట్ల నుంచి నాలుగు, పెన్సిల్ మందం కొమ్మలు ఒకే పూట కోయించండి. కోసిన ముఖాన్ని బ్లేడుతో నునుపు చేసి, మందుల షాపులో దొరికే టించర్ అయోడిన్ ఒక చుక్క వేసి అయిదు నిమిషాలు ఆగండి. ఏ కొమ్మ ముదురుగా నల్లబడిందో, ఏది గోధుమరంగులోనే ఉండిపోయిందో పక్కపక్కన పెట్టి చూడండి. ఇది కొలత కాదు, పోలిక మాత్రమే. మళ్ళీ అక్టోబరులో ఇదే చేస్తే గాదె నిండుతోందా లేదా అన్నది కొంత తెలుస్తుంది.

ఆ మసి సంగతి కూడా చెప్పాలి. నిరుడు పూత మీద తేనెమంచు పురుగు వాలి ఉంటుంది. అది రసం పీల్చి తియ్యటి జిగురు వదులుతుంది, దాని మీద మసి బూజు పెరుగుతుంది. చెట్టు చక్కెర దొంగిలించడం ఒక దెబ్బ అయితే, మిగిలిన ఆకుకు వెలుగు అందకుండా తెర కట్టడం రెండో దెబ్బ. పల్చటి గంజి పిచికారీ చేయిస్తే ఎండకు అట్టలా లేచి మసితో సహా రాలిపోతుంది. ఖర్చు పెద్దగా ఉండదు.

ఏం చేయాలన్న ప్రశ్నకు నేను ఒక్క దారి చూపించలేను, ఎందుకంటే అది చెట్లను బట్టే కాదు, మీ ముగ్గురినీ బట్టి ఉంటుంది. ఒక్కోదానికి ఏం వస్తుంది, ఏం పోతుంది అన్నది చెబుతాను.

ఒక దారి, ఈ ఏడు తోటకు సెలవివ్వడం. కాయ లేదు కాబట్టి ఆకుల సంపాదన అంతా ఇప్పుడు నిల్వకే పోతుంది. పూత రాని ఏడు మనకు నష్టం గానీ చెట్టుకు కాదు. జూన్, జూలైల్లో తొలకరికి కత్తిరింపులు చేయించండి. ఎండు కొమ్మలు, ఒకదాని మీద ఒకటి పడ్డవి, బదనిక పట్టినవి తీసేసి, నడినెత్తిన కొంత తెరిపి చేయించాలి. ఇక్కడ మీ అమ్మగారు అడ్డు చెబుతారని తెలుసు. ఆవిడకు ఇలా చెప్పి చూడండి. పై ఆకు మీద పడే పూర్తి ఎండలో సగం కూడా ఆ ఆకు వాడుకోలేదు, మిగతాది వృథా. లోపలి ఆకులకేమో చీకటి, అవి తమ ఖర్చుకే సంపాదించలేవు. పైన కాస్త తీస్తే ఆ వృథా ఎండ లోపలికి దిగుతుంది. కత్తిరింపు సెప్టెంబరు దాకా సాగదీస్తే మాత్రం కొత్త చిగురు పూతవేళకు ముదరదు, వచ్చే కాపూ పోతుంది. తర్వాత అక్టోబరు, నవంబరుల్లో నీళ్ళు ఆపాలి. ఈ దారిలో ఈ ఏడు రాబడి సున్నా, కూలీల ఖర్చు ఎదురు. వచ్చే ఏడు పూత బాగా వచ్చే అవకాశం ఎక్కువ, కానీ అప్పుడు ఆశకు పోకుండా పిందె మీద ఉండగానే కొన్ని గుత్తులు తీయించగలగాలి. నలబై ఏళ్ళకు దగ్గరపడిన చెట్లెక్కి పిందెలు తీయించడం చెప్పినంత తేలిక కాదనుకోండి.

రెండోది, మళ్ళీ గుత్తకే ఇవ్వడం. మీరు విజయవాడలో, తమ్ముడు బెంగళూరులో ఉంటే ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు. అయితే ఒకటి, రెండు కాపులకు ఇచ్చినంతకాలం వ్యాపారి లెక్క ఆ రెండు కాపులే. మూడో ఏటి గాదె అతనిది కాదు, ఎందుకు చూస్తాడు? అందులో అతని దుర్మార్గం ఏమీ లేదు. అయిదారేళ్ళకు ఇచ్చి, మీ సంతకం లేనిదే పూత మందు వేయకూడదని, ఏటా కోత అయిన నెలలోపు కత్తిరింపు అతని ఖర్చేనని కాగితం మీద రాయించుకుంటే అతనికీ చెట్టును కాపాడే అవసరం ఉంటుంది. అలా రాస్తే గుత్త డబ్బు తగ్గుతుంది. తక్కువకు ఎందుకిచ్చావని మళ్ళీ మాట రాకుండా, ముందే ముగ్గురూ కూర్చోవాలి.

మూడోది ముదురు తోటలకు చేసే పునరుద్ధరణ. పెద్ద కొమ్మలు బాగా కిందికి కోసేసి కొత్త కొమ్మలు తెప్పిస్తారు. చెట్టు మోడైపోయాక మళ్ళీ లేచేది వేర్లలో, మానులో ఉన్న నిల్వతోనే. అందుకే ఈ ఏడు మాత్రం వద్దంటాను. గాదె ఖాళీగా ఉన్నప్పుడు కోస్తే కొన్ని లేవకపోవచ్చు. ఒక ఏడు కోలుకున్నాక, ఏటా మూడోవంతు చెట్లకు చేయించవచ్చు. కోసిన చోట బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయాలి, కాండం తొలిచే పురుగును కనిపెట్టుకుని ఉండాలి, రెండు మూడేళ్ళు ఆ చెట్ల కాపు మర్చిపోవాలి. నూజివీడులోనే మామిడి పరిశోధన స్థానం ఉంది. కొమ్మలు పట్టుకుని వెళ్ళి చూపించండి, ఉద్యానశాఖలో సాయం ఏదైనా ఉందేమో కూడా అడగండి.

ఆయిల్ పామ్ గురించి తమ్ముడి మాట తీసిపారేయకండి. మీ వైపు చాలామంది వేసి బాగుపడ్డారు. నూనె గ్రాముకు పిండికన్నా రెట్టింపుకు మించిన శక్తి దాస్తుంది. అది ఉత్తినే రాదు, ఎండ, నీళ్ళు, పొటాష్ అన్నీ కావాలి, సంవత్సరం పొడుగునా కావాలి. ఎకరానికి 57 మొక్కలు, ఎదిగిన మొక్కకు రోజుకు 150 నుంచి 200 లీటర్ల నీళ్ళు, వేసవిలో ఇంకా ఎక్కువే. మీ బోరు మే నెలలో గంటన్నర పోస్తుందని మీరే రాశారు. ఎద్దడి తగిలిన ఆయిల్ పామ్ మగ పూగుత్తులు ఎక్కువ వేస్తుంది, ఆ దెబ్బ గెలల్లో కనిపించేసరికి రెండేళ్ళు గడుస్తాయి. తొలి గెలలకు నాలుగేళ్ళు ఆగాలి. కాబట్టి తమ్ముడితో 'తోట నాన్నది' అని వాదించకండి, 'బోరు లెక్క నువ్వే వేసి చెప్పు' అనండి. కాగితం మీద అంకెలు చూసి అతనే ఒక మాటకు వస్తాడు. నీళ్ళు నిజంగా సరిపోతాయని తేలితే, ఒక ఎకరం మాత్రం మార్చే ఆలోచన కూడా చేయవచ్చు.

అమ్మకం మాట చెట్లతో తేలేది కాదు. మీ నాన్నగారు వీలునామా రాయకుండా పోయి ఉంటే, అది ఆయన స్వార్జితం కాబట్టి అమ్మకు, మీకు, తమ్ముడికి సమాన హక్కు ఉంది. ఏ ఇద్దరూ మూడో మనిషిని కాదని మొత్తం అమ్మలేరు. పూత లేని ఏడు అమ్మితే ధర తక్కువ పలుకుతుంది, అది కూడా గుర్తుంచుకోండి. అమ్మగారు ఆ ఊళ్ళో ఉన్నంతకాలం ఆగుదాం అనుకోవడం కూడా ఒక నిర్ణయమే. కానీ అది నోటితో అనుకుని ఉండాలి, ఎవరి మనసులో వాళ్ళు ఊహించుకుంటే కాదు.

వ్యాపారి విషయం. అతను డబ్బు వెనక్కి అడగడానికి కాగితంలో ఏముందో ముందు చూడండి. గుత్త అంటే మామూలుగా లాభం, నష్టం రెండూ అతనివే. రెండోసారి మందు మీకు చెప్పకుండా పోశాడంటున్నారు కాబట్టి, మాట్లాడేటప్పుడు కంచె పక్క నాలుగు చెట్లు చూపించి మాట్లాడండి. కోర్టుల దాకా పోవాలని నేను అనడం లేదు. ఊళ్ళో పెద్దమనిషి ఒకరిని కూర్చోబెట్టుకుంటే కొంత అటూ ఇటూ సర్దుబాటు కావచ్చు.

ఇక ఆ రెండో ప్రశ్న, తప్పు మీదేనా అని. మీరు ఓదార్పు అడగలేదు, నిజం అడిగారు. మొదటి ఏడు వచ్చిన డబ్బులో కొంత ఆ ఏటిది కాదు. అది మీ నాన్నగారి కాలం నుంచి చెట్లు దాచుకున్నది, ఇంకొంత ఈ ఏడు రావాల్సింది. అదంతా ఒకేసారి చేతికొచ్చింది. అది మీకు తెలియదు, తమ్ముడికీ తెలియదు. పోటుకర్రలు పెట్టిన కొమ్మల ఫొటో ఊళ్ళో అందరికీ పంపింది అతనేనని మీరే రాశారు. తోటను గుత్తకివ్వడం తప్పు కాదు, పిల్ల ఫీజు కట్టడం అంతకన్నా కాదు. మందు మాట కాగితంలో రాయించకపోవడం పొరపాటు, అందులో తమ్ముడి సంతకం కూడా ఉంది.

అయితే అతని మాటలో బాధ ఒకటుంది, దాన్ని వదిలేయకండి. అతని వాటా మీరు అడిగి తీసుకున్నారు. అప్పుగానా, ఊరికేనా అన్నది ఇద్దరూ తేల్చుకోలేదు. నాకు అనిపించేదేమంటే, 'పిండేశావు' అన్న మాట చెట్ల గురించి కాదు. అది అప్పే అయితే 'ఇంత, ఫలానా నెల నుంచి' అని మీరే ముందు అనండి. ఊరికే ఇచ్చానని అతనంటే మంచిదే, కానీ ఆ మాట అతని నోట రావాలి. ఇది తేలకుండా తోట మీద ఎన్ని లెక్కలు వేసినా మళ్ళీ ఇక్కడికే వస్తారు.

పరీక్ష మాత్రం ఈ ఆదివారమే చేయించండి. రెండు రకాల కొమ్మ ముక్కలు పక్కపక్కన పెట్టి ఫొటో తీసి తమ్ముడికి పంపండి, కింద ఏమీ రాయొద్దు. అమ్మకు మాత్రం ఫొటో చూపించకండి. తోటలోకి తీసుకెళ్ళి, చెట్టు కిందే కుర్చీ వేసి, అయోడిన్ చుక్క ఆవిడ చేతే వేయించండి.